దాతను కొలిచే కొలత: హరవిలాసం, వామన చరిత్ర, ఫిరదౌసి కావ్యాలలో ప్రశంసార్హత

వ్యాస సంగ్రహం

సంపన్నుడైన దాత ఎందువల్ల ప్రశంసకు అర్హుడవుతాడన్న ప్రశ్నకు తెలుగు కావ్యాలు ఒకే సమాధానం ఇవ్వలేదు. శ్రీనాథుని హరవిలాసం అవతారికలోనూ, పోతన భాగవతంలోని వామన చరిత్రలోనూ, జాషువ ఫిరదౌసిలోనూ దాత స్వరూపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇచ్చిన వస్తువు పరిమాణం ప్రశంసకు ప్రమాణం కాదనీ, మాటకూ వస్తువుకూ మధ్య కొలత మారినప్పుడు దాత ఏ పక్షాన నిలిచాడన్నదే ప్రమాణమనీ ప్రతిపాదిస్తుంది.

1. ప్రస్తావన

తెలుగు కావ్యంలో అవతారిక ఎంత పాతదో దాతృప్రశంస కూడా అంత పాతది. రాజరాజనరేంద్రుని ప్రశంసతో ఆంధ్ర మహాభారతాన్ని ఆరంభించిన నన్నయ నుంచి ప్రబంధ యుగం దాకా కవులు కృతిపతి వంశాన్ని, పరాక్రమాన్ని, ఐశ్వర్యాన్ని, వితరణను వర్ణించి కథలోకి ప్రవేశించారు. సప్తసంతానాలలో కృతి ఒకటి కనుక దానిని స్వీకరించడమే కృతిపతికి శాశ్వత కీర్తి అన్న విశ్వాసం ఈ సంప్రదాయానికి పునాది. కవికి ధనం, దాతకు కీర్తి. ఈ వినిమయాన్ని కవులు దాచుకోలేదు.

సాహిత్య చరిత్రకారులు అవతారికలను ప్రధానంగా ఆధారాలుగా చదివారు. కవి కాలాన్ని, రాజవంశాల క్రమాన్ని, సమకాలీన వర్తక వ్యవహారాలను వాటి నుంచి రాబట్టారు. ఆ పఠనం అవసరమైనదే. అయితే అవతారికలో విలువలకు సంబంధించిన ప్రశ్న కూడా ఒకటి ఉంది. కృతిపతి ప్రశంసార్హుడైనది సంపాదించినందుకా, ఇచ్చినందుకా, ఇచ్చిన తీరుకా? మొదటి రెండింటిని అవతారిక విడదీయదు. మూడోదాన్ని తరచుగా అడగదు. ఆ పని కావ్యకథలు చేశాయి.

ఆలంకారికులు ఈ విషయంలో ఒక సూక్ష్మమైన విభాగం చేశారు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వీరరసాన్ని దాన, ధర్మ, యుద్ధ, దయా భేదాలతో నాలుగు విధాలుగా చెప్పాడు. నాలుగింటికీ స్థాయి ఉత్సాహమే. దయావీరం వేరుగా ఉంది కనుక దానవీరానికి మూలం జాలి కానవసరం లేదు. అడిగినవాడు దీనుడైనందువల్ల కాక, ఇవ్వడంలోని ఉత్సాహం వల్ల ఇచ్చేవాడు దానవీరుడు. ఈ విభాగం ప్రస్తుత పరిశీలనకు కీలకం. గ్రహీతను దీనుడిగా చూపకుండా దాతను గొప్పవాడిగా చూపడం సాధ్యమేనా అన్న ప్రశ్న ఇందులోనుంచే పుడుతుంది.

2. అవతారికలో వర్తకుడు, కథలో వర్తకుడు

శ్రీనాథుడు హరవిలాసాన్ని రాజుకు కాక అవచి తిప్పయసెట్టి అనే వర్తకునికి అంకితమిచ్చాడు. అవతారికలో ఆ కుటుంబం సాగించిన సముద్ర వాణిజ్యం విస్తారంగా వర్ణితమైంది. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, భోట దేశపు కస్తూరి, చీనాంబరాలు వంటి సరుకుల పట్టిక పద్యంలో ఒదిగింది. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించిన ఇంటివారిగా వీరికి ప్రసిద్ధి. ఆనాటి వాణిజ్య భూగోళాన్ని తెలుసుకోవడానికి ఈ భాగాన్ని చరిత్రకారులు తరచుగా ఉపయోగించుకున్నారు.

ప్రశంస దృష్టితో చదివితే మరొక విషయం కనిపిస్తుంది. ఈ వర్ణనలో సరుకుల దూరమే వర్తకుని ఔన్నత్యానికి కొలత. వస్తువు ఎంత దూరం నుంచి వస్తే తెప్పించినవాడు అంత గొప్పవాడు. సంపద ఇక్కడ నిలవ ఉన్న ధనం కాదు. రేవుల మధ్య, రాజుల మధ్య కదిలే శక్తి. యుద్ధంలో గెలిచిన రాజుకు దక్కే ప్రశంసను వ్యాపారంలో గెలిచినవానికి ఇవ్వడానికి శ్రీనాథుడు వెనుకాడలేదు. అంతవరకు అది కొత్తదారి. కాని సాఫల్యమే అర్హత అన్న సూత్రం మాత్రం పాతదే. రాజు స్థానంలో వర్తకుడు వచ్చాడు, కొలత మారలేదు.

విశేషమేమిటంటే, వర్తకునికి అంకితమైన ఈ కావ్యం ఆరంభంలోనే మరొక వర్తకుని కథ ఉంది. అది చిరుతొండనంబి కథ. తమిళ శైవ సంప్రదాయంలో ఈ భక్తుడు పల్లవుల సేనాని. శ్రీనాథుని కథలో అతడు కాంచీపురంలోని వైశ్యుడు. తపస్వి వేషంలో వచ్చిన శివుడు నరమాంసాన్ని భిక్షగా కోరగా, భార్యాభర్తలు కన్నకొడుకైన సిరియాళుణ్ణి వండి వడ్డించడానికి సిద్ధపడతారు. చివరకు బిడ్డ సజీవుడై తిరిగివస్తాడు.

అవతారికను, కథను పక్కపక్కన పెట్టి చదివితే శ్రీనాథుడు ఒకే వృత్తికి చెందిన ఇద్దరిని రెండు వేర్వేరు కొలతలతో కొలిచాడని తెలుస్తుంది. తిప్పయసెట్టి గొప్పతనం అతని దగ్గరికి వచ్చినవాటిలో ఉంది. చిరుతొండనంబి గొప్పతనం అతని దగ్గరనుంచి పోయినదానిలో ఉంది. అవతారికలో పట్టిక ఉంటే, కథలో ఏ పట్టికలోనూ చేర్చలేని ఒకే ఒక్కటి ఉంది. కృతిపతికి తన వృత్తివాడైన భక్తుని కథను వినిపించడంలో ప్రశంసతో పాటు ఒక పరీక్ష కూడా ఇమిడి ఉన్నదనడం అత్యుక్తి కాదు.

అయితే చిరుతొండనంబి కథ దాతృత్వ ప్రమాణంగా నిలవడంలో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, దానమైనది మరొకరి ప్రాణం. కొడుకు తండ్రి సొత్తా అన్న సందేహం నేటి పాఠకునికి తప్పదు. శైవభక్తి పరిధిలో ఆ ప్రశ్నకు సమాధానం ఉన్నా దాతృత్వ పరిధిలో లేదు. రెండు, పోయినది పూర్తిగా తిరిగివస్తుంది. తిరిగివస్తుందని దాతకు తెలియకపోవడం అతని నిష్ఠను నిరూపిస్తుంది. కాని నష్టం నష్టంగా మిగలకపోవడం వల్ల కథ అద్భుతం వైపు మొగ్గుతుంది. దాత తన సొంత వస్తువును, పర్యవసానం తెలిసి, ఇచ్చిన సందర్భం కావాలంటే వామన చరిత్ర దగ్గరికి రావాలి.

3. వామన చరిత్ర: అడుగు ఎవరిది?

పోతన భాగవతానికి మానవ కృతిపతి లేడు. కావ్యం శ్రీరామాంకితం. కనుక అవతారికలో ధనవంతుని ప్రశంసకు చోటు లేకపోయింది. ఆ చోటు అష్టమ స్కంధంలో ఒక రాక్షసునికి దక్కింది. ధనికుడైన రాజుకు కృతినివ్వని కవి, త్రిలోకాధిపతి అయిన రాజును దాతగా ఇంత ఆదరంతో చిత్రించడం ఆలోచించదగినది. పోతన నిరాకరించినది సంపదను కాదు, సంపద కారణంగా చేసే స్తుతిని.

కథ అందరికీ తెలిసినదే. నర్మదాతీరంలో బలి అశ్వమేధం చేస్తుండగా వామనుడు వస్తాడు. బలి అతనికి భూములు, గ్రామాలు, గజతురగాదులు ఏవి కావాలన్నా అడగమంటాడు. వామనుడు తన పాదాలతో కొలిచిన మూడడుగుల నేల చాలంటాడు. బలికి నవ్వు వస్తుంది. ఇచ్చేవాని స్థాయిని చూసి అడగవద్దా అన్నది అతని భావం. ఇక్కడ బలి ఇంకా అవతారికలోని కృతిపతి వంటివాడే. దానాన్ని దాత వైభవంతో కొలుస్తున్నాడు. దానాన్ని గ్రహీత అవసరంతో కొలవాలని, మూడడుగులతో తృప్తి పొందనివాడు సప్తద్వీపాలతోనూ పొందడని వామనుడు బదులిస్తాడు. కథలో తొలి వాదం వస్తువు గురించి కాదు, కొలమానం గురించి.

అప్పుడు శుక్రాచార్యుడు అడ్డుపడతాడు. ఈ పాత్రను కేవలం లోభానికి ప్రతినిధిగా చదవడం సామాన్యం. పద్యాలను నిదానంగా చూస్తే అతని వాదంలో బలం కనిపిస్తుంది. వచ్చినవాడు విష్ణువని చెప్పి, జరగబోయేదంతా ముందే వివరిస్తాడు. సర్వస్వం ఇచ్చి తాను బతకలేని స్థితికి చేరడం దానం కాదంటాడు. ప్రాణానికీ విత్తానికీ మానానికీ భంగం కలిగే వేళ అసత్యమాడినా దోషం లేదన్న ధర్మసూక్ష్మాన్ని గుర్తుచేస్తాడు. ఇవి లోకంలో వివేకవంతులందరూ చెప్పే మాటలే. కథలో శుక్రుని పని బలిని భయపెట్టడం మాత్రమే కాదు, బలి అజ్ఞానంతో ఇచ్చాడనే అవకాశాన్ని పాఠకునికి లేకుండా చేయడం. ఈ హెచ్చరిక లేకపోతే బలి మోసపోయినవాడు. ఉండడం వల్లనే అతడు దాత.

సంస్కృత భాగవతంలో లేని ఒక ఘట్టం పోతనలో ఉంది. ధారపోసే నీరు పడకుండా శుక్రుడు కలశరంధ్రాన్ని అడ్డుకోగా, వామనుడు దర్భకొనతో పొడవడం వల్ల అతడు ఒంటికంటివాడవుతాడు. లోకంలో ప్రచారమైన కథను కవి చేర్చుకొన్నాడని దీన్ని సరిపెట్టుకోవచ్చు. అయినా సందర్భంలో దానికి ఔచిత్యం ఉంది. శుక్రుడు చెప్పినది అబద్ధం కాదు, అది సగం చూపు. దాతకు కలిగే నష్టాన్ని అతడు కచ్చితంగా చూశాడు. మాట తప్పినవానికి కలిగే నష్టాన్ని చూడలేకపోయాడు. ఒక కన్ను మిగలడం ఆ సగం చూపుకు తగిన రూపకల్పన.

దానజలం పడిన తరువాత వటువు పెరుగుతాడు. తెలుగు పాఠకులకు కంఠస్థమైన ఈ వర్ణనను సాధారణంగా అద్భుతరస పోషణగా వ్యాఖ్యానిస్తారు. కాని దానవిచారణలో దీనికి మరొక ప్రయోజనం ఉంది. బలి ఇచ్చిన మాటలోని సంఖ్య మూడు. అది చివరిదాకా మూడుగానే ఉంది. మారినది అడుగు. మాట ఇచ్చినప్పుడు ఆ అడుగు పొట్టి వటువుది, కొలిచినప్పుడు విశ్వరూపునిది. ఏ ధర్మశాస్త్రవేత్త అయినా ఈ తేడాను పట్టుకొని బలి తరఫున వాదించగలడు. రాక్షసవీరులు సరిగ్గా ఆ పనే చేశారు. ఇది వంచన అని ఆయుధాలు ఎత్తారు. వారిని ఆపినవాడు బలి. తాను మాట ఇచ్చిన వటువు అడుగుతోనే కొలవాలని అతడు ఎక్కడా కోరలేదు. కొలత మారినప్పుడు ఆ మార్పు వల్ల కలిగిన నష్టాన్ని తన ఖాతాలో వేసుకొన్నాడు. మూడో అడుగుకు చోటు లేనప్పుడు తన తలను చూపించాడు. బంధనానికి గాని నరకానికి గాని కాక అసత్యానికే భయపడతానన్నాడు.

బలి ప్రశంసార్హత మూడు లోకాల పరిమాణంలో లేదు. అతడు ఇస్తానన్నది మూడు లోకాలు కాదు, మూడడుగులు. అడుగులు లోకాలయ్యాక కూడా అతనికి మాట మాటగానే ఉంది. ఇచ్చిన మాటను అతడు తీర్చవలసిన ఋణంగా భావించాడు. ఋణదాత ఎంత పెరిగినా ఋణం చెల్లవలసిందే.

4. కీర్తికాంక్ష అనే ఆక్షేపణ

బలి దానం కీర్తికోసం చేసినది కనుక నిష్కామం కాదని ఆక్షేపించవచ్చు. శుక్రునికి ఇచ్చిన సమాధానంలో బలి తనకు ముందటి రాజుల సంపద ఏమైందని ప్రశ్నించి, దాతల పేరు మాత్రమే నిలిచిందని చెప్పిన మాట నిజం. లక్ష్మీదేవిని తాకిన చేయి కింద ఉండగా తన చేయి పైన ఉండడం కంటే ఏం కావాలన్న గర్వం కూడా అతని మాటల్లో ఉంది. ఈ గర్వాన్ని దాచిపెట్టి బలిని శుద్ధ త్యాగిగా చూపడం పాఠానికి న్యాయం కాదు.

అయితే పోతన ఈ గర్వాన్ని నమోదు చేసి ఊరుకోలేదు, కథాక్రమంలో దాన్ని తలకిందులు చేశాడు. దానవేళ పైన ఉన్న చేయి దాతది. కథ చివర దాత తల మీద గ్రహీత పాదం ఉంది. పై చేయి కావాలని ఇచ్చినవాడు ఆ ఔన్నత్యం పోయాక కూడా ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేదు. కీర్తికోసం ఇచ్చేవానికి ఇది సాధ్యం కాదు. అతనికి అవమానం ఎదురైన క్షణంలోనే దాన కారణం తీరిపోతుంది. వరుణపాశాలతో బంధితుడై సభలో నిలిచిన బలికి అటువంటి కారణం ఏదీ మిగలలేదు. మిగిలినది మాట ఒక్కటే. ప్రేరణలో కీర్తికాంక్ష ఉండవచ్చు. అది పోయిన తరువాత నిలబడినదాన్ని బట్టి దాతను అంచనా వేయాలన్నది ఈ ఘట్టం సూచించే విమర్శ సూత్రం.

ఆ తరువాత బలికి సుతలం, విష్ణువే ద్వారపాలకుడుగా ఉండడం, సావర్ణి మన్వంతరంలో ఇంద్రపదవి లభిస్తాయి. ఫలం ఉంది కనుక నష్టం లేదనడానికి వీల్లేదు. చిరుతొండనంబికి తిరిగివచ్చినట్టు బలికి పోయినది అదే రూపంలో తిరిగిరాలేదు. త్రిలోకాధిపత్యం పోయింది. దక్కినది వేరే.

5. ఫిరదౌసి: అప్పు దానమైన చోట

1932లో వెలువడిన ఫిరదౌసిలో గుర్రం జాషువ ఇదే ప్రశ్నను గ్రహీత వైపు నుంచి అడిగాడు. గజనీ సుల్తాను మహమ్మదు పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని చెప్పి పారసీక కవి చేత షానామా రాయిస్తాడు. కవి దశాబ్దాల పాటు శ్రమించి కావ్యం పూర్తిచేస్తాడు. అప్పుడు సుల్తాను బంగారానికి బదులు వెండి నాణేలు ఇస్తాడు. పశ్చాత్తాపంతో బంగారం పంపేసరికి కవి లోకంలో లేడు. కవి కుమార్తె ఆ ధనాన్ని తిరస్కరిస్తుంది.

వామన చరిత్రతో పోలిస్తే ఇక్కడి నిర్మాణం కచ్చితంగా విలోమం. అక్కడ మూడు అన్న సంఖ్య మారలేదు, అడుగు మారింది. ఇక్కడ పద్యానికొక నాణెమన్న లెక్క మారలేదు, లోహం మారింది. రెండు చోట్లా మాటలోని అంకె చెక్కుచెదరలేదు. కొలత జారింది. అక్కడ గ్రహీత పెంచాడు, దాత భరించాడు. ఇక్కడ దాత తగ్గించాడు, గ్రహీత భరించవలసివచ్చింది. అంకె సరిపోయింది కనుక మాట చెల్లిందని సుల్తాను అనుకోవచ్చు. మాటను అక్షరాలా నిలుపుతూనే దాన్ని తప్పే ఈ మార్గం, తెలివైన సంపన్నులకు తెలిసిన మార్గం. అడుగు మారిందన్న న్యాయమైన వాదాన్ని బలి వాడుకోలేదు. వాదమే లేని చోట సుల్తాను లోహాన్ని మార్చాడు.

జాషువ సుల్తానును లోభిగానో దరిద్రునిగానో చిత్రించలేదు. కావ్యారంభంలో అతని దండయాత్రలు, విజయాలు, రాజధాని వైభవం వర్ణితమయ్యాయి. అవి అవతారికలోని కృతిపతి వర్ణనను గుర్తుకు తెస్తాయి. ఆ పోలికవల్లనే విమర్శ పదునెక్కింది. అవతారిక సంప్రదాయం ప్రశంసకు కారణంగా చూపే సమస్తం ఈ ప్రభువుకు ఉంది. ఒక్క మాట నిలకడ లేకపోవడంతో ఆ సమస్తమూ అతని మీద సాక్ష్యమవుతుంది. అంత ఉన్నవాడు అంత ఇవ్వలేకపోయాడన్నదే నేరారోపణ.

మరింత ముఖ్యమైన మార్పు దాన స్వభావానికి సంబంధించినది. బలి ఇచ్చినది దానం. వామనునికి దానిమీద ముందుగా ఏ హక్కూ లేదు. సుల్తాను ఇవ్వవలసినది దానం కాదు, శ్రమకు ప్రతిఫలం. ఒప్పుకొన్న అప్పు. బలి తన దానాన్ని ఋణంగా మార్చుకొన్నాడు. సుల్తాను తన ఋణాన్ని దానంగా మార్చుకొని, ఎంత ఇస్తే అంతే ప్రసాదమన్నట్టు ప్రవర్తించాడు. ప్రశంసార్హుడైన సంపన్నునికీ కానివానికీ మధ్య తేడా ఈ రెండు మార్పుల దిశలో ఉంది. కవులు వందల ఏళ్లుగా కృతిపతుల సత్కారాన్ని వితరణగా కీర్తించారు. ఆ సత్కారంలో ఎంత భాగం కవి శ్రమకు చెల్లవలసిన బాకీ అన్న ప్రశ్నను జాషువ ఈ కథ ద్వారా తెలుగు సాహిత్యం ముందు ఉంచాడు.

కుమార్తె తిరస్కారం ఈ వాదానికి ముగింపు. ఆలస్యంగా వచ్చిన బంగారం సంఖ్యలోనూ లోహంలోనూ సరైనదే. అయినా అది చెల్లలేదు. మాట ఇచ్చినది జీవించి ఉన్న కవికి. కొలతలో కాలం కూడా ఒక భాగమని ఆమె నిరాకరణ చెబుతుంది. దానవీరంలో గ్రహీత దీనుడు కానక్కరలేదన్న ఆలంకారికుల భావానికి ఇది ఆధునిక రూపం. వామనుడు విశ్వరూపంతో పెరిగితే, ఈ ఆడపిల్ల వద్దన్న ఒక్క మాటతో సుల్తాను కంటే ఎత్తుకు పెరిగింది.

దళితుడిగా సాహిత్య సభలలో అవమానాలను చవిచూసిన జాషువకు గ్రహీత గౌరవం పుస్తక విషయం కాదు. ఆయన కాలికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా గండపెండేరం తొడిగిన సంఘటన తెలుగు సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. గండపెండేరం తొడగాలంటే తొడిగేవాడు వంగాలి, పుచ్చుకొనేవాని పాదం తాకాలి. కులంలో, వయసులో, ప్రతిష్ఠలో పైన ఉన్న గురుకవి అలా వంగడం వల్ల ఆ సత్కారానికి విలువ వచ్చింది, బంగారం వల్ల కాదు. దాత తల గ్రహీత పాదానికి దగ్గరైన వామన చరిత్ర ముగింపును ఈ దృశ్యం మరొక విధంగా తలపిస్తుంది.

6. ముగింపు

హరవిలాసం అవతారిక సాఫల్యాన్ని ప్రశంసించి, తన కథలో ఆ ప్రశంసను పరీక్షించింది. వామన చరిత్ర నష్టం తెలిసి, కొలత మారినా, గర్వకారణం పోయినా మాటకు కట్టుబడినవానిలో ప్రశంసార్హతను చూసింది. ఫిరదౌసి అదే ప్రమాణాన్ని గ్రహీత చేతికి ఇచ్చి, సంపన్నుని తూచింది. మూడింటినీ కలిపి చదివినప్పుడు దాతృత్వ ప్రశంసకు ఆధారాలుగా మూడు అంశాలు తేలుతాయి: దాతకు పర్యవసానం తెలిసి ఉండడం, కొలత సందిగ్ధమైనప్పుడు గ్రహీతకు అనుకూలంగా నిర్ణయించడం, గ్రహీతను చిన్నబుచ్చకపోవడం. ధనరాశికి వీటిలో స్థానం లేదు.

ఈ ప్రమాణాలతో అవతారికలను తిరిగి చదవవలసిన అవసరం ఉంది. కృతిపతి ఏమి ఇచ్చాడని మాత్రమే కాక, కవి అతనిని ఏ గుణానికి మెచ్చుకొన్నాడని అడిగితే ఒకే అచ్చులో పోసినట్టు కనిపించే వర్ణనల మధ్య తేడాలు బయటపడతాయి. అంకిత పత్రాలు, అభినందన సంచికలు, శిలాఫలకాల రూపంలో ఆ సంప్రదాయం నేటికీ కొనసాగుతోంది. ఇచ్చినవాని పేరు రాతి మీద పెద్ద అక్షరాలతో చెక్కడం సులభం. ఆ ఇచ్చినది దానమో, ఎవరికో చెల్లవలసిన బాకీయో తేల్చి చెప్పడం విమర్శకుని బాధ్యత.